పాతిపెట్టమని ఇచ్చిన కాగితం

పాత కాగితాలు బాగుచేయడం కూడా ఒక ఉద్యోగమేనని ఒంగోలులో మావాళ్లెవరూ నమ్మలేదు. అమెరికాలో ఉన్న మావాళ్లూ పెద్దగా నమ్మలేదు. మా ఆదివారం తెలుగు ప్రార్థన కూడికలో డాక్టర్లు, నర్సులు, ఇంజనీర్లు ఉండేవారు. కొత్తగా వచ్చినవాళ్లు "మీరెక్కడ వర్క్ చేస్తున్నారు బ్రదర్?" అని అడిగితే "మ్యూజియంలో" అనేవాణ్ణి. "సెక్యూరిటీలోనా?" అనేవారు. కాదు, చిరిగిన కాగితాలు అతికిస్తానంటే, "బెనిఫిట్స్ ఉన్నాయా?" అని అడిగేవారు.

ఉన్నాయి. ఆ బెనిఫిట్స్ మీదే, అంటే పింఛను మీదా వైద్య బీమా మీదా, ఇప్పుడు బతుకుతున్నాను. యాభై దాటిన కొద్దికాలానికే కుడిచేయి వణకడం మొదలైంది. మా పనిలో వణికే చేతికి చోటు లేదు కాబట్టి దిగిపోయాను. ఇప్పుడు ఒకరిద్దరు తెలుగువాళ్లు ఈ చదువు చదువుతున్నారని విన్నాను. వాళ్లకోసం ఇది రాస్తున్నాను. ఏ ఏడు ఏ పదవి వచ్చిందో రాయను, అది ఎవరికీ పనికిరాదు. నగరం పేరూ, మ్యూజియం పేరూ కూడా రాయడం లేదు. అది సరస్సు ఒడ్డున ఉన్న ఒక పెద్ద నగరం. అక్కడి యూదులు తమ గత వందేళ్ల బతుకును దాచుకోవడానికి పెట్టుకున్న చిన్న మ్యూజియం. అంతవరకు చాలు.

గంజి

మా పనిలో వాడే జిగురు గోధుమ గంజి. పిండిని నీళ్లలో ఉడికించి, చల్లార్చి, గుర్రపు వెంట్రుకల జల్లెడలో రుద్ది వడకట్టాలి. మన ఊళ్లలో గోడల మీద సినిమా పోస్టర్లు అంటించే మైదా దీనికి దగ్గర చుట్టమే. బజారులో ఇంతకంటే గట్టి జిగురులు దొరుకుతాయి. గట్టిగా ఉంటాయి కాబట్టే వాటిని వాడం. గంజి కాస్త తడి తగిలితే వదిలేస్తుంది. మనం చేసిన మరమ్మతును రేపు మనకంటే తెలిసినవాడు వచ్చి విప్పగలగాలి. విప్పలేని పని చేయకూడదన్నది ఈ వృత్తిలో మొదటి నియమం. మీకూ మొదటి వారంలోనే చెబుతారు. అది కాగితానికి మాత్రమే వర్తిస్తుందని నేను చాలాకాలం అనుకున్నాను.

చేరిన కొత్తలో ఒక పెద్దావిడ తన ఇంటి పస్కా పుస్తకాన్ని ప్రదర్శనకు అరువిచ్చింది. పస్కా అనే యూదుల పండుగ రాత్రి ఇంటిల్లిపాదీ భోజనాల బల్ల చుట్టూ కూర్చుని చదివే పుస్తకం అది. మధ్యలో రెండు పేజీల నిండా ద్రాక్షారసం ఒలికిన మచ్చ ఉంది. నేను కెమిస్ట్రీ చదివినవాణ్ణి. పేజీలు విప్పి, కడిగి, ఆరబెట్టి, మచ్చ ఆనవాలు లేకుండా చేసి కుట్టాను. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. ఆవిడ పేజీలు తిప్పింది. ఆ రెండు పేజీల దగ్గర ఆగింది. పుస్తకం మూసి నా వైపు జరిపి, "ఇది మా పుస్తకం కాదు" అంది. అట్ట మీద వాళ్ల ఇంటిపేరు చూపించాను. "పేరు మాదే. పుస్తకం మాది కాదు" అని లేచి వెళ్లిపోయింది.

తర్వాత తెలిసింది. పండుగ రాత్రి గిన్నె తన్నేసింది ఆవిడ తమ్ముడు, చిన్నప్పుడు. ఆవిడ ఈ దేశానికి వచ్చింది, తమ్ముడు రాలేదు. 'రాలేదు' అంటే ఏమిటో మా మ్యూజియంలో ఎవరూ ఎవరికీ విడమరచి చెప్పేవారు కాదు.

మచ్చ కనిపిస్తే అది ఎవరిదని ముందు అడగండి. ఎలా పోగొట్టాలన్నది తర్వాతి సంగతి.

రూత్

మా డైరెక్టర్‌ను అందరూ రూత్ అనే పిలిచేవారు. నాకు నోరు రాలేదు. "మేడమ్" అనేవాణ్ణి. "మీరు మేడమ్ అన్నప్పుడల్లా నేను కౌంటర్ వెనక నిలబడి టోపీలు అమ్ముతున్నట్టుంటుంది" అనేది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక సూట్‌కేసుతో జర్మనీ నుంచి ఓడ ఎక్కిన మనిషి. ఆ సూట్‌కేసు ఏమైందని ఒక విలేఖరి అడిగితే, "వాడి వాడి చింపేశాను, సూట్‌కేసు ఉన్నది అందుకే కదా" అంది.

నేను పనిచేసిన పైఅధికారులందరిలో ఆమే గొప్పది. ఇప్పుడూ ఆ మాటే అంటాను. ఆ రోజుల్లో చాలామందికి మ్యూజియం అంటే వెండి దీపస్తంభాలు, జరీ పని చేసిన తెరలు. రూత్ ఇళ్లకు వెళ్లి వెండి వద్దనేది. "మీ అమ్మ పారేద్దామని పక్కన పెట్టినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగేది. అలా వచ్చాయి మాకు కోట్లు కుట్టే ఫ్యాక్టరీ యూనియన్ కార్డులు, వాళ్ల ఇంటి భాష యిద్దిష్‌లో వేసిన నాటకాల కరపత్రాలు, మాంసం కొట్టువాడు పంచిన క్యాలెండర్లు. ఈ నగరానికి వచ్చి, కోట్లు కుట్టి, సమ్మెలు చేసి, మందిరంలో పోట్లాడుకుని, పిల్లల్ని చదివించి, శివారు ఇళ్లకు వెళ్లిపోయిన జనం చరిత్ర ఆ చెత్తలోనే ఉందని ఆమె నమ్మకం. ఆమె నమ్మకం సరైనదని తర్వాతి ఏళ్లు రుజువు చేశాయి.

ఇంకొక సంగతి. ఎవరైనా వస్తువు ఇచ్చి మనసు మార్చుకుంటే, సంతకాలన్నీ అయ్యాక కూడా తిరిగి ఇచ్చేసేది. వస్తువుతోపాటు ఇచ్చినవాళ్ల మాట కూడా మన దగ్గరికి వస్తుంది, మాట పాడుచేస్తే వస్తువు దొంగసొత్తు అవుతుంది అనేది. ఇది ఆమె నాకు నేర్పిన పాఠం. ఈ పాఠాన్ని ఇద్దరం కలిసి మీరింది ఒక్కసారే.

అటక

డెబ్బైల చివర్లో నగరం పాత పేటలో యూదులు ప్రార్థన చేసుకునే సమాజ మందిరం ఒకటి మూతపడింది. అక్కడి యూదు కుటుంబాలు శివార్లకు తరలిపోయి చాలా కాలమైంది. ప్రార్థనకు కావలసిన పదిమంది మగవాళ్లు కూడా పోగయ్యేవారు కాదు. భవనాన్ని ఒక బాప్టిస్టు క్రైస్తవ సంఘం కొంది. తాళాలు జెల్నిక్ గారనే పెద్దాయన దగ్గర ఉండేవి. ఆయనా, ఆయనకు ముందు ఆయన తండ్రీ కోట్ల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే పనివాళ్లు. నేను బాప్టిస్టు ఇంట్లో పుట్టానని తెలిశాక ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "అయితే ఇల్లు చూసుకోవడానికి వచ్చారన్నమాట" అన్నారు.

నేను వెళ్లింది అటక కోసం. దేవుని పేరున్న కాగితాన్ని యూదులు పారేయరు, కాల్చరు. చిరిగిన ప్రార్థన పుస్తకాలు, విడిపోయిన పేజీలు అన్నీ అటక మీద పోగేసి, నిండాక సమాధుల తోటకు తీసుకెళ్లి మనిషిని పాతిపెట్టినట్టే పాతిపెడతారు. ఇది నాకు ఎవరూ వివరించనక్కర్లేదు. మా అమ్మను సమాధి చేసినప్పుడు పెట్టెలో ఆమె బైబిల్‌ను నా చేతులతో నేనే పెట్టాను. అట్ట ఊడిపోతే చీర అంచు చించి కట్టుకున్న బైబిల్ అది.

మ్యూజియానికీ మందిరానికీ కుదిరిన ఒప్పందం చిన్నది. పాతిపెట్టబోయే గోనె సంచులన్నీ నేను విప్పి చూస్తాను. చరిత్రకు పనికొస్తుందనుకున్నదాన్ని ఫోటో తీస్తాను. తర్వాత అంతా మట్టిలోకి పోతుంది. జెల్నిక్ గారు ఒక కుర్చీ తెచ్చుకుని, ఫ్లాస్కులో టీ తెచ్చుకుని నా ఎదురుగా కూర్చునేవారు. కాపలాకో కాలక్షేపానికో తెలియదు.

ఆ సంచుల అడుగున ఒక గోధుమరంగు కట్ట దొరికింది. కోట్లు కత్తిరించే ముందు నమూనా గీసుకునే మందపాటి కాగితం. పైన చుట్టినదంతా ఖాళీ కాగితం. లోపల మాత్రం బొమ్మ ఉంది. కప్పు కారి, తడిసి, చీలికలు చీలికలై ఉంది.

"అది మా నాన్న గీసింది" అన్నారు జెల్నిక్ గారు. "సమ్మెలో పనిలేక గీశాడు. ఆ సమ్మె ఇంకొన్నాళ్లు సాగుంటే నాలుగు గోడలకూ గీసేవాడు."

ప్రార్థన చేసేవాడి కళ్లెదుట, గోడకు తగిలించే పటం అది. దేవుణ్ణి ఎప్పుడూ నా ఎదుటే నిలుపుకుంటానని చెప్పే కీర్తన మాట ఒకటి దాని మీద రాస్తారు. మధ్యలో పెద్ద అక్షరాలతో దేవుని పేరు ఉంటుంది. ఆ కీర్తన మా అమ్మకు కంఠతా. నాకు అప్పటికి హీబ్రూ అక్షరాలు కూడబలుక్కునేంత వచ్చు. తడిసిన ముక్కల మధ్య ఆ నాలుగు అక్షరాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పరీక్షలో జవాబు తెలిసిన పిల్లాడిలా ఆ పేరును పైకి చదివాను, మా తెలుగు బైబిల్లో పేజీ పేజీకీ అచ్చయి ఉండే రూపంలోనే. మా ఇంట్లో పొద్దున లేస్తే ఆ పేరే. ఒక యూదుడి ముందు ఆ పేరు పలికితే సంతోషిస్తాడని కూడా అనుకున్నాను.

జెల్నిక్ గారు ఫ్లాస్కు కింద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఆ పేరును వాళ్లు నోటితో పలకరన్న సంగతి నాకు తెలిసే ఉండాలి. పుస్తకంలో చదివాను కూడా. నోటికి అలవాటైన మాట దగ్గర పుస్తకంలో చదివింది గుర్తురాలేదు. క్షమించమన్నాను. ఇంట్లో మా అమ్మ అలాగే పిలిచేదని చెప్పాను.

"పిలిస్తే పలికేవాడా?" అని అడిగారాయన, కిటికీలోంచే చూస్తూ.

"పలికేవాడనే అనేది."

"అయితే మీ అమ్మగారిని పిలవనివ్వండి. మీరు మాత్రం ఇక్కడ పిలవకండి."

ఆ రోజు నుంచి నేను ఆ పేరు పలకలేదు. ఇక్కడ కూడా రాయడం లేదు. ఈ పత్రికను మీరు రేపు పాత పేపర్లలో వేస్తారు.

ఆయన కోరింది ఒక్కటే. మిగతా సంచులతో కలపకుండా ఆ పటాన్ని వేరే పెట్టెలో పెట్టి, తన తండ్రి సమాధి పక్కన పాతిపెట్టాలి. ఫోటో తీసుకోవడానికి నన్ను తీసుకెళ్లనిచ్చారు. "మీరు కాగితాన్ని పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తుతున్నారు. అందుకని ఇస్తున్నాను" అన్నారు.

బల్ల మీద

ముడతలు పడ్డ కాగితం ఫోటోకు రాదు. అందుకని కొంచెం తేమ పట్టించి సాగదీశాను. అంతవరకు పనికి అవసరమే. తర్వాత ముక్కలు వరసగా పేరిస్తే బాగుంటుందనిపించింది. పేర్చాక, జారిపోకుండా వెనక పల్చటి జపాన్ కాగితం అంటిస్తే బాగుంటుందనిపించింది. ఏ రోజుకారోజు ఒక చిన్న కారణం దొరికేది. చివరికి చూస్తే పటం మొత్తం నా బల్ల మీద నిలబడి ఉంది.

అలాంటిది నేను మళ్లీ చూడలేదు. పైన అటొకటి ఇటొకటి సింహాలు. వాటి పంజాల్లో గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెరలు. కింద అమెరికా జెండా, చోటు చాలక సగం నక్షత్రాలతో. జెండా పక్కన వీధి ట్రామ్, దాని కిటికీల్లో టోపీలు పెట్టుకున్న మనుషులు. వీటన్నిటి నడుమ ఆ పేరు. సుద్దతో, పెన్సిలుతో, ఫ్యాక్టరీ సిరాతో గీసింది. అతుకుల మీద వేలు పెట్టి తడిమితే నాకే దొరకలేదు. నా జీవితంలో అంతకంటే మంచి పని చేయలేదు.

రూత్ వచ్చి పటాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుదాకా చూసింది. మేము ఇన్నేళ్లుగా ఏ చరిత్ర కోసం ఇళ్లిళ్లూ తిరిగామో అది ఒక్క కాగితం మీద ఉంది. మర్నాడే జెల్నిక్ గారిని పిలిపించింది. ఆయన కళ్లజోడు మార్చుకుని పటాన్ని చూశారు. ముఖంలో సంతోషం కనిపించింది. నేను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను.

మ్యూజియానికి ఇవ్వమని రూత్ అడిగింది. వద్దన్నారు. ఆమె ఎన్నడూ ఎత్తని నాజీల సంగతి ఎత్తింది.

"మిస్టర్ జెల్నిక్, వాళ్లు కాల్చింది చాలదా? మిగిలింది కూడా మన చేతులతో మనం మట్టిలో పెట్టాలా?"

"వాళ్లు కాల్చారు. మనం పాతిపెడతాం. రెండూ ఒకటేనని మీకెవరు చెప్పారు?"

"పిల్లలు చూడాలి కదా."

"ఫోటో చూపించండి."

"ఫోటో చాలదు."

"నాకు మా నాన్నది ఫోటోనే మిగిలింది. సరిపోతోంది" అన్నారాయన. చిరిగిపోయి అటక ఎక్కిన కాగితానికి దాని రోజులు అయిపోయాయని, తండ్రి పక్కన పడుకోబెడతానని మనసులో ఆయనకు మాట ఇచ్చుకున్నానని చెప్పారు. రూత్ తల ఊపింది. నా వైపు తిరిగి, "మీరు చాలా బాగా చేశారు. ఇంక మడిచేయండి" అన్నారాయన.

ఇద్దరిలో ఎవరు సరి అని మీరు నన్ను అడిగితే, ఇప్పటికీ తేల్చి చెప్పలేను. అలా తేలని వాటికోసమే కదా ఆ వస్తువు ఎవరిదో వాళ్లను అడగడమనే పద్ధతి ఉంది. అడిగాం. ఆయన చెప్పారు.

పెట్టె

పాతిపెట్టే రోజుకు ముందురోజు సాయంత్రం రూత్ నా గదికి వచ్చింది. మందిరం వాళ్లు సంతకం చేసిన కాగితంలో 'భవనంలోని వస్తువులు మ్యూజియానికి' అని ఉందని, చట్టం ప్రకారం పటం మనదనే వాదించవచ్చని చెప్పింది. తర్వాత ఆ మాటకు తనే సిగ్గుపడినట్టు ఆగిపోయింది. "నేను మీకు ఏమీ చెప్పడం లేదు. పెట్టె మీ చేతుల్లో ఉంది" అని వెళ్లిపోయింది.

ఆమె ఆజ్ఞాపించిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆజ్ఞాపించలేదు. నేను పాతిపెట్టి ఉంటే ఆమె ఒక్క మాట కూడా అనేది కాదు.

పటానికి చుట్టి ఉన్న ఖాళీ నమూనా కాగితం మూలన పడి ఉంది. అదే మందం, అదే బరువు. దాన్ని మడిచి పెట్టెలో పెట్టి, మూత వేసి, తెల్లటి నూలు టేపుతో కట్టాను. చరిత్ర కోసమనే అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు విడదీసి చూస్తే చరిత్ర కొంత, నా అతుకులు మట్టిలో కలిసిపోతాయన్న బాధ ఎక్కువ.

సమాధుల తోటలో చలిగాలి. వృద్ధులు కొందరు, యూదు మతగురువు రబ్బీ ఒకరు, నేను. సంచులన్నీ ఒక పెద్ద గోతిలోకి దించారు. తర్వాత జెల్నిక్ గారి తండ్రి సమాధి పక్కన తవ్విన చిన్న గోతి దగ్గరికి నడిచాం. పెట్టె నేనే మోశాను. దించబోయే ముందు ఆయన నా మోచేయి పట్టుకున్నారు.

"మొత్తం ఇందులో ఉందా?"

"ఉంది."

వాళ్లు అక్కడ పారను ఒకరి చేతి నుంచి ఇంకొకరు అందుకోరు. మట్టి వేసినవాడు పారను మట్టిగుట్టలో గుచ్చి వదిలేస్తాడు, తర్వాతివాడు దాన్ని పీక్కుంటాడు. దుఃఖాన్ని చేతి నుంచి చేతికి అందించకూడదని. ఆయన మట్టి వేసి, పారను సరిగ్గా నా ముందు గుచ్చారు. బయటివాడికి అది పెద్ద గౌరవం. నేను పార తీసుకుని ఖాళీ కాగితం మీద మట్టి వేశాను.

ఇంటికి వచ్చాక నా భార్య విమలకు చెప్పాను. మెచ్చుకోకపోయినా సర్దుకుంటుందనుకున్నాను. ఆమె ఆసుపత్రి డ్యూటీకి తయారవుతోంది. బూట్లు కట్టుకుంటూ విని, "అత్తయ్య పెట్టెలోంచి ఆ బైబిల్ ఎవరైనా తీసి అద్దాల బీరువాలో పెడితే మీరు ఊరుకునేవాళ్లేనా అండీ?" అంది. జవాబు కోసం ఆగలేదు. షిఫ్ట్‌కి టైమ్ అయిపోతోంది.

గాజు వెనక

ఎనభైల మొదట్లో కొత్త గ్యాలరీ తెరిచినప్పుడు పటాన్ని ప్రవేశద్వారానికి ఎదురుగా పెట్టారు. కింద లేబుల్ మీద మందిరం పేరు, పక్కన 'కానుక' అని. బడిపిల్లలు బస్సుల్లో వచ్చేవారు. కత్తెరలు పట్టుకున్న సింహాలను చూసి నవ్వేవారు. తమ తాతలు కోట్లు కుట్టేవారని టీచర్లకు చెప్పేవారు. రూత్ కోరుకున్నది జరిగింది. అది నిజమని కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

జెల్నిక్ గారు అప్పటికి వృద్ధాశ్రమంలో చేరారు. మ్యూజియాలకు రారని నా ధీమా. ఒక మధ్యాహ్నం ఆశ్రమం వ్యాన్ వచ్చింది. కింద నుంచి గార్డ్ ఫోన్ చేసి, ఎవరో పెద్దాయన మీ పేరు అడుగుతున్నారన్నాడు. వెళ్లేసరికి ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి పటం ముందు నిలబడి ఉన్నారు. నా వైపు తిరగలేదు.

"అయితే నేను పాతిపెట్టిందేమిటి?" అని అడిగారు.

"దానికి చుట్టి ఉన్న ఖాళీ కాగితం."

"మా నాన్న షాపు కాగితమేనా?"

"అదే."

"పోనీలే. ఆయనకు కత్తిరించుకోవడానికి కాగితమైనా ఉంది" అన్నారు.

నేను ఏదో చెప్పబోయాను. ఆయన కర్ర కొనతో లేబుల్ చూపించారు. కళ్లు బాగా ఆనడం లేదు, చదవమన్నారు. చదివాను.

"నేను ఏటా ఆయన వర్ధంతికి వెళ్తాను. వెళ్లి, నాన్నా, నీ బొమ్మ నీ పక్కనే ఉంది అని చెప్తాను" అన్నారు. గొంతు పెంచలేదు. "ఇప్పుడు ఇక్కడ పిల్లలు చూస్తున్నారు. మళ్లీ తీసి మట్టిలో పెట్టమని అడిగే ఓపిక నాకు లేదు. ఉండనివ్వండి. మేము ఇచ్చామని మాత్రం రాయకండి."

"మార్పిస్తాను" అన్నాను.

"మీరు అప్పుడూ 'ఉంది' అన్నారు" అన్నారాయన. వ్యాన్ డ్రైవర్ పిలిస్తే వెళ్లిపోయారు.

లేబుల్

ఒక లేబుల్ మార్చడానికి అరపూట పని. నేను ఏళ్లు తీసుకున్నాను.

మొదట రూత్‌కు చెప్పాను. ఆమె ముఖం తెల్లబోయింది. మారుద్దాం, ఈ విరాళాల సీజన్ కానివ్వండి అంది. తర్వాత పటం వేరే నగరాలకు ప్రదర్శనకు వెళ్లింది, తిరిగి రానివ్వండి అంది. తర్వాత ఆమెకు జబ్బు చేసింది. నేను మళ్లీ అడగలేదు. అడిగితే ఆమెను బాధపెట్టినట్టవుతుందని సాకు చెప్పుకున్నాను. నిజానికి, లేబుల్ మారితే ఎందుకు మారిందని అడుగుతారు, అడిగితే పెట్టె ఎవరు కట్టారన్నది వస్తుంది. అప్పటికి నాకు ఆ పటం వల్లే పేరు వచ్చింది. ఆ అతుకుల గురించి చెప్పమని వేరే మ్యూజియాల వాళ్లు పిలిచేవారు. వెళ్లి స్లైడ్లు వేసి చెప్పేవాణ్ణి. విప్పగలిగే పనే చేయాలని కూడా చెప్పేవాణ్ణి.

జెల్నిక్ గారు పోయారని స్థానిక పత్రికలో చూశాను. అంత్యక్రియలకు వెళ్లలేదు. అక్కడ పారను నా ముందు ఎవరైనా గుచ్చుతారేమోనని భయం.

రూత్ కూడా పోయింది. నా చేయి వణకడం మొదలైంది. ఉద్యోగం వదిలే ముందు కొత్త డైరెక్టర్ గదికి వెళ్లి తలుపు వేసి మొత్తం చెప్పాను. ఆమె చిన్నవయసు మనిషి. మధ్యలో అడ్డు రాలేదు. జెల్నిక్ గారికి పిల్లలున్నారా అని మాత్రం అడిగింది. టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఒక కూతురు ఉందని వాకబు చేశాం. ఫోన్ నేనే చేస్తానన్నాను. పేరు చెప్పగానే అవతల ఆమె, "కాగితాల ఆయనేనా?" అంది.

అవునన్నాను.

"మీరెప్పుడో ఒకప్పుడు ఫోన్ చేస్తారని నాన్న చెప్పాడు. నేను చేయరన్నాను. ఇద్దరం పందెం వేసుకున్నాం." వెంటనే అంది, "చాలా లేట్ చేశారు మీరు."

పటాన్ని తీసుకెళ్తారా, పాతిపెట్టమంటారా అని డైరెక్టర్ తరఫున అడిగాను. ఏం చేయమన్నా చేస్తామన్నాను. నాన్న ఉండనివ్వమన్నాడు కదా, ఉండనివ్వండి అంది. లేబుల్ మీద ఏం రాయమంటారంటే, "జరిగింది రాయండి" అంది.

ఉద్యోగంలో నా చివరి వారం కొత్త లేబుల్ పెట్టారు. దాని మీద ఇలా ఉంది: ఈ పటాన్ని కోట్ల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే జెల్నిక్ సమ్మె రోజుల్లో గీశాడు. దీన్ని తండ్రి సమాధి పక్కన పాతిపెట్టమని ఆయన కొడుకు అప్పగించాడు. మ్యూజియం పాతిపెట్టలేదు.

చివరి వాక్యంలో మ్యూజియం బదులు నా పేరు రాయమని అడిగాను. లేబుళ్ల మీద ఉద్యోగుల పేర్లు వేసే పద్ధతి లేదని డైరెక్టర్ మర్యాదగానే చెప్పింది. ఆమె చెప్పింది నిజమే, ఏ మ్యూజియంలోనూ ఆ పద్ధతి లేదు. అందుకే ఇది ఇక్కడ రాయవలసి వచ్చింది. పెట్టెలో ఖాళీ కాగితం పెట్టి టేపు కట్టింది, గోతి దగ్గర 'ఉంది' అన్నది మ్యూజియం కాదు. నేను.